రంగుల చిత్రం మామోగ్రామ్ కాదు

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల మా కాలనీ వైద్య శిబిరంలో, నొప్పీ రేడియేషనూ లేని రొమ్ము క్యాన్సర్ పరీక్ష అంటూ థర్మల్ కెమెరాతో తీసిన ఎరుపు, పసుపు, నీలం రంగుల చిత్రాన్ని మా అక్క చేతిలో పెట్టి, ఇక మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే పరీక్ష) అక్కర్లేదని చెప్పి పంపారు. ఆ మాట నన్ను కలవరపెట్టింది. ఆ కెమెరా పట్టేది చర్మం మీది వేడిని మాత్రమే. గడ్డ చుట్టూ రక్తప్రసరణ పెరిగి చర్మం వేడెక్కవచ్చు గానీ, లోతుగా ఉన్న చిన్న గడ్డ పైకి ఏ జాడా చూపకపోవచ్చు, గదిలోని ఉక్కపోత కూడా రంగులను మార్చగలదు. అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 1982లో ఈ థర్మల్ పరీక్షను ఇతర పరీక్షలకు తోడుగా మాత్రమే అనుమతించింది. మామోగ్రఫీకి బదులుగా వాడవద్దని 2019లోనూ హెచ్చరించింది. శిబిరాలను పర్యవేక్షించే వైద్యాధికారులు, అలాంటి ప్రతి నివేదిక మీదా 'ఇది మామోగ్రామ్‌కు ప్రత్యామ్నాయం కాదు' అని తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చువేయించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, వరంగల్