చిన్నీకి, నువ్వు పంపిన రూట్ గురించి

చిన్నీ,

నువ్వు పంపిన సైకిల్ రూట్ చూశాను. ఇక్కడ ఫ్రాన్స్‌లో, మా బర్గండీలోని బోన్ ఊళ్ళో మొదలై మాకోన్ ఊళ్ళో తేలేలా, రోజుకి ఎనభై కిలోమీటర్లు, ఒక్క పూట కూడా ఖాళీ లేకుండా బానే గీశావు. హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన ఆ సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీద 23 కిలోమీటర్లూ పోయి మళ్ళీ వెనక్కొచ్చి స్నానం చేసి ఆఫీసుకెళ్ళే దానివి, నీకు ఎనభై పెద్ద లెక్క కాదని నాకు తెలుసు. కానీ "అంతా ట్రాఫిక్ ఫ్రీ అంట నాన్నా, ఒక్కళ్ళు కూడా ఉండరంట, కళ్ళు మూసుకుని తొక్కేయొచ్చు" అన్నావే, నాకు అక్కడే పట్టింది. ఫోన్లో చెప్దామంటే మధ్యలో మీ అమ్మ ఫోన్ లాక్కుంటుంది, అందుకే రాస్తున్నా.

కార్లు ఉండవు, నిజమే. ఎందుకు ఉండవో తెలిస్తే ఎలా తొక్కాలో కూడా అర్థమవుతుంది. మనింటికి దగ్గర్లో జివ్రీ నుంచి క్లూనీ దాకా ఉన్న 44 కిలోమీటర్లది ఒకప్పటి రైలు కట్ట, పట్టాలు పీకేసి 1997లో సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ ఇచ్చేశారు, ఫ్రాన్స్‌లో ఇలాంటి దారుల్లో ఇదే మొదటిది. వ్వా వెర్ట్ అంటారు. రైలు ఎక్కగలిగిన ఎత్తే కాబట్టి మోకాళ్ళు పట్టేసే ఎక్కుడు ఎక్కడా రాదు, అమ్మ కూడా హాయిగా తొక్కేస్తుంది. కానీ అదంతా తారు. నువ్వు దాన్నే పట్టుకుని చివరిదాకా పోతే ఇక ఆ లావు టైర్లు దేనికి? బుస్సీ ఊరు దాటాకో, దానికి ముందో పక్కకి దిగు, ద్రాక్షతోటల్లోకి తెల్ల కంకర డొంకలు పోతాయి, అక్కడ మొదలవుతుంది నువ్వు అడిగే గ్రావెల్. ఈ డొంకల్లో కొన్ని ఊరివి, కొన్ని అచ్చంగా చుట్టుపక్కల తోటల వాళ్ళవి, వాళ్ళు పనికోసం వేసుకున్నవి. బోర్డు పెట్టి వద్దంటే వద్దనే, లేకపోతే పోనిస్తారు.

అడవిలో సంగతి వేరు. ప్రభుత్వ అడవుల్లో కంకర రోడ్లు దుంగలు తెచ్చే లారీల కోసం వేస్తారు, మొదట్లో అడ్డంగా ఒక గేటు ఉంటుంది, పక్కనుంచి సైకిల్ దూరుతుంది కారు దూరదు. పైగా 1991లో ఒక చట్టం తెచ్చారు, మామూలు రోడ్లు వదిలి పొలాల్లోకీ అడవుల్లోకీ మోటార్ బండ్లు తోలకూడదని. మనకి దొరికే ఆ నిశ్శబ్దం ఆ గేటు వల్లా, ఆ చట్టం వల్లా దొరుకుతోంది.

ఇక నువ్వు వచ్చేది సెప్టెంబర్. అంటే వెండాంజ్, కోతలు. ఖాళీ దారులు అనుకుంటున్నావు కదా, ఏడాదంతటిలో ఆ డొంకలు బాగా రద్దీగా ఉండేది అప్పుడే. కూలీల్ని తెచ్చే వ్యాన్లు, గంపలెత్తిన ట్రైలర్లు, ఇక్కడ కనిపించే ఒక వింత ట్రాక్టరు, ఆంజాంబర్ అంటారు, కాళ్ళు చాపుకుని నిలబడ్డట్టు వరసకి అటొక చక్రం ఇటొక చక్రం వేసి తీగల మీదుగా పోతుంది. బర్గండీలో వరసల మధ్య ఒక్క మీటరే జాగా, మామూలు ట్రాక్టర్ పట్టదు. హెక్టారుకి 10,000 మొక్కలు పెడతారు, ఎక్కువ ఎత్తు పెరగనివ్వరు. మేం చదువుకునే రోజుల్లో హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహీ తోటలుండేవి, పందిరి కింద తలెత్తుకుని నడిచేవాళ్ళం, గుత్తులు నెత్తిన వేలాడేవి. ఇక్కడ కోసేవాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంగే ఉండాలి. ఆ నడుంనొప్పి మనిషి ట్రైలర్ తోలుకొస్తుంటే మనం మధ్యలో నిలబడి సెల్ఫీ తీసుకోవడం బాగోదు. దూరం నుంచే చూసి సైకిల్ దిగి గడ్డి పక్కకి జరుగు, బోంజూర్ చెప్పు. వరసల్లోకి మాత్రం సైకిల్ దించకు.

పండు కోయకు. తెలుసులే నీ సంగతి, మామిడి తోట కనిపిస్తే రాయి వెతికే రకం. ఇక్కడ అది దొంగతనం కిందే లెక్క, పైగా తినే ద్రాక్ష కాదది, పినో న్వార్ అనే వైన్ రకం, గింజలూ తోలే ఎక్కువ. కొన్ని తోటల ఖరీదు వింటే నీకే చెయ్యి ముందుకు రాదు, రొమానే-కొంతి అని ఒకటుంది, మొత్తం కలిపి 1.8 హెక్టార్లు, అంటే మన లెక్కలో నాలుగున్నర ఎకరాలు. ఇలా గట్లు గీసి పేర్లు పెట్టుకున్న మళ్ళని క్లిమా అంటారు, బోన్ వైపూ నుయి అనే ఊరి వైపూ కలిపి 1,247 ఉన్నాయి, 2015లో యునెస్కో జాబితాలో చేర్చారు. మన ఊళ్ళో మెరక చేను, చెరువు కింద మడి అని పిలుచుకుంటామే, అదే పద్ధతి, వీళ్ళు దాన్ని సీసా మీద అచ్చేసి అమ్ముకున్నారు, మనం రిజిస్ట్రేషన్ ఆఫీసు దాకే తెచ్చుకున్నాం.

బోన్ నుంచి సాంత్నే దాకా వ్వా దే విన్య అని ఒక సైకిల్ దారి ఉంది, పొమార్, వోల్నే, మెర్సో, పులిన్యీ ఊళ్ళ మీదుగా, ఒక ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. నీ మొదటి రోజు అది పెట్టుకో చాలు. తొక్కుతూ కుడిచేతి వైపు కొండ చూడు. పైన అంచున అడవి, మధ్య వాలులో మంచి తోటలు, కింద మామూలు తోటలు, ఇంకా కింద చదునులో ధాన్యం. పైన మట్టి పల్చన, రాయి ఎక్కువ, చలి ఎక్కువ, తీగ నిలవదు కాబట్టి చెట్లకి వదిలేశారు. మధ్య వాలులో నీరు నిలవదు, పొద్దుటి ఎండ సూటిగా పడుతుంది. టైరు కింద కూడా తెలుస్తుంది ఇది, పైన సున్నపురాయి కంకర గలగలమని పొడిగా ఉంటుంది, కిందకి దిగేకొద్దీ బంకమట్టి. వాన పడిందంటే ఆ బంకమట్టి గారెల పిండిలాగా టైరుకీ ఫ్రేముకీ మధ్య పట్టేసి చక్రం తిరగనివ్వదు, అప్పుడు పంతానికి పోకుండా తారుకి వచ్చెయ్. టైర్లు 40 ఎంఎం ఉంటే చాలు, నీ బరువుకి 35 పీఎస్ఐ కంటే ఎక్కువ గాలి కొట్టకు, ట్యూబ్‌లెస్ అయితే మరీ మంచిది, తోటల పక్కన తెగిన ఇనప తీగ ముక్కలు పడుంటాయి.

నీళ్ళ సంగతి. ఊళ్ళు చిన్నవి, మధ్యాహ్నం షాపు మూసేస్తారు, సోమవారం చాలాచోట్ల బేకరీ కూడా ఉండదు. ఇక్కడి సైకిల్ వాళ్ళంతా చేసే పని ఒకటుంది, శ్మశానానికి వెళ్తారు. ప్రతి ఊళ్ళో చర్చి దగ్గరో ఊరి చివరో శ్మశానం, సమాధుల మీద పూలకోసం ఒక కుళాయి. తాగడానికి పనికిరానివైతే నాన్ పొతాబ్ల్ అని రాసి ఉంటుంది, అది చూసుకుని బాటిల్ నింపుకోవడమే. మీ అమ్మకి ఇది ఇప్పటికీ మింగుడుపడదు, ఆ బాటిల్ వంటింట్లోకి రానివ్వదు, బాల్కనీలోనే కడిగి తలకిందులుగా పెట్టాలి. నువ్వు ఆమెకి చెప్పకు, తాగు.

అడవి గురించి ఇంకో మాట, ఇది సీరియస్‌గా తీసుకో. సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా వేట సీజన్. అడవిపందుల్నీ లేళ్ళనీ కొడతారు, ఎక్కువగా శనాదివారాలు. దారి పక్కన షాస్ ఆన్ కూర్, అంటే వేట జరుగుతోంది అని బోర్డు కనిపిస్తే ఎంత అందమైన దారైనా వెనక్కి తిరుగు, నీ యాప్ ఏం చెప్పినా సరే. నీ నల్ల జెర్సీ ఇంట్లో పెట్టి ఆరెంజ్ చొక్కా ఏదైనా తెచ్చుకో. సాయంత్రం రూముకి చేరాక మోకాళ్ళ వెనకా చంకల్లోనూ గోమార్లు పట్టాయేమో చూసుకో, వాటివల్ల లైమ్ అనే జబ్బు వస్తుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తొక్కితే 135 యూరోలు ఫైను. హెల్మెట్ చట్టం పన్నెండేళ్ళ లోపు పిల్లలకే, కానీ నా చట్టం నీక్కూడా వర్తిస్తుంది. వైన్ రుచి చూస్తానంటే కాదనను, సాయంత్రం సైకిల్ లోపల పెట్టేశాక చూడు, తాగి సైకిల్ తొక్కినా ఇక్కడ పట్టుకుంటారు.

క్లూనీలో మాత్రం ఒక పూట ఆగాలి, ఎనభై కిలోమీటర్ల లెక్క అక్కడ పక్కన పెట్టు. 910లో మొదలైన మఠం, రోమ్‌లో ఇప్పుడున్న సెయింట్ పీటర్స్ కట్టేదాకా క్రైస్తవ ప్రపంచంలో దీన్ని మించిన చర్చి లేదు, ఫ్రెంచ్ విప్లవం తర్వాత కూల్చి రాళ్ళు అమ్ముకున్నారు, మిగిలిన గోపురం చూసి మిగతాది నువ్వే ఊహించుకోవాలి. దానికి ముందు కొర్మాతాన్ కోట, తెజే ఊరు వస్తాయి, అవి చూసినా సరే చూడకపోయినా సరే.

క్లూనీ దాటాక బ్వా క్లేర్ టన్నెల్, పాత రైలుదే, కిలోమీటరున్నర పైనే. చలికాలంలో గబ్బిలాలు నిద్రపోతాయని మూసేస్తారు, నువ్వొచ్చేసరికి తెరిచే ఉంటుంది. లోపల ఎండాకాలంలో కూడా వణుకు పుడుతుంది, జాకెట్ చేతికి అందేలా పెట్టుకో. నన్నడిగితే వెళ్ళేటప్పుడు టన్నెల్ వద్దు, పైనుంచి అడవి దారి ఎక్కు, కాస్త ఊపిరాడదు గానీ గ్రావెల్ అంటే అదీ. ఆ చుట్టుపక్కలే టీజీవీ అనే హైస్పీడ్ రైలు లైను కూడా పోతుంది, మనం గంటకి పది పన్నెండు మీద ఎక్కుతుంటే అది ఒక్క గాలి విసురుకి మాయమవుతుంది. అటు దిగితే మాకోన్ తోటలు, సొలుత్రే కొండరాయి. అక్కడికి నేనూ వస్తా, ముందు రోజులు నువ్వొక్కదానివే తొక్కుకో.

కాబట్టి నీ రూట్‌ని రోజుకి యాభైకి దించాను, ఫైల్ మళ్ళీ పంపుతున్నా, అలగకు. కోతల టైమ్‌లో కూలీలకే రూములు చాలవు, కనక తేదీలు ఈ ఆదివారం లోపు ఖాయం చెయ్. మాకోన్ నుంచి షాలోన్‌కి టీఈఆర్ అనే లోకల్ ట్రైన్లో సైకిల్ ఎక్కించుకుని వచ్చేద్దాం. మీ అన్నయ్య సైకిల్ నీకు ఎత్తు, అందుకే ఇక్కడ షాపులో అద్దెకి మాట్లాడాను, అతను నీ ఎత్తూ, కాలి లోపలి కొలతా సెంటీమీటర్లలో అడుగుతున్నాడు. పెడల్స్ నీవే తెచ్చుకుంటావా, వాళ్ళవే వేయించమంటావా అది కూడా రాయి.

ఉంటాను,
నాన్న