బెండు పడుకుంది, మామయ్యా

ఫ్రిస్కో, టెక్సాస్
ఏప్రిల్ 27

మామయ్యకి నమస్కారాలు.

ఈ మధ్య మీకు ఫోన్లో మాట సరిగ్గా వినపడటం లేదని అత్తయ్య చెప్పింది. మొన్న నేను "చేపలకి వెళ్ళాను" అంటే మీరు "షాపులకా?" అని, ఆ తర్వాత పదినిమిషాలు డబ్బు జాగ్రత్త గురించి చెప్పారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. అద్దాలు పెట్టుకుని తీరిగ్గా చదవండి.

షాపులకి కాదు, గేలానికే వెళ్ళాను. రెండు నెలలుగా ప్రతి ఆదివారం వెళ్తున్నాను.

మా ఇంటికి కాస్త దూరంలో, వైలీ అనే ఊరి దగ్గర, లావన్ అని ఒక పెద్ద చెరువుంది. చెరువంటే మన ఊరి చెరువు లాంటిది కాదు. ట్రినిటీ నది తూర్పు పాయకి అడ్డంగా ఆనకట్ట కట్టి 1953లో నింపిన జలాశయం. మా కుళాయిల్లోకి వచ్చే నీళ్ళలో దానిదీ వాటా ఉంది. మీరు పొద్దున్నే పేపర్లో సాగర్ మట్టం 590కి ఎంత తక్కువలో ఉందో చూస్తారు కదా, నేనిప్పుడు కాఫీ తాగుతూ ఫోన్లో లావన్ మట్టం చూస్తున్నాను. దీని లెక్క 492 అడుగులు. అది దాటితే వరద నీరు కింద లెక్క. కింది ఊళ్ళు మునగకుండా సైన్యం ఇంజనీర్లు చూసుకుంటూ వదులుతారు.

ఇక్కడి నేల చూస్తే మీరు కారు ఆపించి పిడికెడు మట్టి చేతిలోకి తీసుకుంటారు. అచ్చం మన నల్లరేగడే. ఎండకి బీటలిస్తుంది, వానకి చెప్పు వదలదు. ఒకప్పుడు ఇదంతా పత్తి పండిన నేల, ఇప్పుడు ఇళ్ళు. నేల ఎండి కుంచించుకుపోతే పునాది కదిలి గోడలు పగులుతాయని ఎండాకాలం ఇంటి చుట్టూ పైపు వేసి తడుపుతారు. మీరు మిరపకి నీళ్ళు పెడితే మేం ఇంటికి పెడుతున్నాం.

ఆ నేల మీద నుంచి వాన నీళ్ళు దిగాయంటే చెరువు పాలు ఎక్కువైన టీ రంగులోకి మారి రోజుల తరబడి తేరుకోదు. అమ్మమ్మ బిందెలో ఇండుపగింజ అరగదీసి వేసేది, గుర్తుందా? ఈ చెరువుకి ఎన్ని బస్తాల గింజలు కావాలో!

నేను పట్టేది క్రాపీ అనే చేప. చందువలా పలచగా, వెండి రంగు మీద నల్ల మచ్చలతో ఉంటుంది. మూతి పొర కాగితమంత పలచన. కొర్రమీనుని లాగినట్టు లాగి మొదట్లో ఎన్నింటిని పోగొట్టుకున్నానో చెప్పను. దాని కళ్ళు పైకి చూస్తుంటాయి కాబట్టి ఎర దానికంటే పైన ఉండాలి. కిందికి వేశామా, పక్కనే ఉన్నా పట్టించుకోదు.

మీరు నవ్వుతారని తెలిసీ చెబుతున్నాను, గేలం వేయడానికి లైసెన్సు కావాలి. పదిహేడేళ్ళు నిండని పిల్లలకి అక్కర్లేదు. పది అంగుళాల కంటే చిన్నది పడితే తిరిగి నీళ్ళలో వదిలేయాలి. మనిషికి రోజుకి 25 చేపలే. ఇదే టెక్సాస్‌లో తూర్పున లేక్ ఫోర్క్ అని ఇంకొకటుంది. అక్కడ డిసెంబరు నుంచి ఫిబ్రవరి చివరి వరకు దీనికి తిరగేసిన రూలు. చిన్నదైనా పెద్దదైనా పట్టిన క్రాపీని వదలకూడదు, ఇంటికి తీసుకుపోవాల్సిందే. చలికి చేప బాగా లోతులో ఉంటుంది, అక్కడి నుంచి ఒక్కసారి పైకి లాగితే పొట్టలో గాలితిత్తి ఉబ్బిపోతుంది. వదిలినా బతకదు, అందుకని. ఈ రూలు రాసినవాళ్ళెవరో గేలం పట్టుకున్నవాళ్ళే అనిపించింది నాకు.

ఇక అసలు సంగతి. ఈ నెల మొదటి ఆదివారం మట్టం సరిగ్గా 492 దగ్గరుంది. నీళ్ళు గోరువెచ్చన, గుడ్లు పెట్టే కాలం. ఒడ్డు పక్కన మూడడుగుల లోతులో, మునిగిన పొదల దగ్గర పదకొండు పడ్డాయి. నాకు చేపలు పట్టడం వచ్చేసిందనుకున్నాను.

ఆ వారం నాలుగు రోజులు వాన దంచికొట్టింది. రెండో ఆదివారానికి మట్టం నాలుగడుగులు పెరిగింది. నేను కిందటిసారి కూర్చున్న బల్ల నీళ్ళలో ఉంది. వాన వెనకే చలిగాలి, పైన మబ్బు తునక లేని ఎండ. పాత పొదల చోటే గుర్తుపెట్టుకుని అదే లోతున ఎర వేసి ఐదు గంటలు కూర్చున్నాను. ఒక్కటీ లేదు. అటువైపు ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, నిన్నటి వరకు గడ్డి ఉన్న చోట మోకాలి లోతు నీళ్ళలోకి వేసి ఒకదాని వెనక ఒకటి తీస్తున్నాడు. వెళ్ళి అడిగాను. "నీళ్ళు ఎక్కడికి పోతే అవీ అక్కడికే పోతాయి. నువ్వు ఇంకా పోయినవారపు చెరువులోనే చేపలు పట్టాలని చూస్తున్నావు" అన్నాడు. మురికి నీళ్ళలో చేపకి దూరం కనపడదు, అది చెట్టు మొదలుకి ఆనుకుని ఉంటుంది, ఎర దాని ముక్కు ముందు పెట్టి కదపకుండా ఉంచాలట. నా తెల్ల జిగ్, అంటే బరువు తల ఉన్న నకిలీ ఎర, తీయించి నల్లది కట్టించాడు. మురికిలో నలుపే నీడలా కనిపిస్తుందట.

మామయ్యా, అప్పుడు నాకు మీ మీద కోపం వచ్చింది. మన పొలాలకి నీళ్ళిచ్చే మేజర్ కాలువకి నీళ్ళు వదిలిన రోజు మీరు మమ్మల్ని ఒడ్డు గడ్డిలోకి వేయమనేవారు. కాలువ కట్టేసే ముందు లాకుల కింద మడుగు దగ్గర కూర్చోబెట్టేవారు. ఎందుకో ఒక్కసారైనా చెప్పారా? గేలం తాడుకి కట్టి నీళ్ళ మీద తేలే బెండు చూపించి "నోరు మూసుకుని బెండు చూడరా" అనేవారు.

కిందటి ఆదివారం గేట్ల నుంచి నీళ్ళు వదులుతున్నారు, రోజుకి కొంచెం కొంచెంగా దిగుతోంది. ఈసారి ఎవరినీ అడగలేదు. గడ్డి దగ్గర ఆగకుండా వాగు వచ్చి కలిసే చోట, నేల లోతుకి జారే అంచు దగ్గర కూర్చున్నాను. ఎనిమిదడుగుల లోతు. పాపని కూడా తీసుకెళ్ళాను. అరగంటకి అది "నాన్నా, బెండు పడుకుంది" అంది. చేప పడితే బెండు మునగాలి కదా, గాలికేమోలే అన్నాను. "లేదు, పడుకుంది" అని మళ్ళీ అంది. క్రాపీ కింద నుంచి వచ్చి ఎరని నోట్లో పెట్టుకుని పైకి లేస్తుంది. బరువు పోయేసరికి నిలబడ్డ బెండు పక్కకి ఒరిగిపోతుంది. పాప చెప్పకపోతే చూస్తూ కూర్చునేవాణ్ణే. ఆ రోజు తొమ్మిది. అందులో మూడు దానివి, అవి లెక్కపెట్టడం అది ఇప్పటికీ ఆపలేదు.

కూర సంగతి అత్తయ్యకి చెప్పండి. పులుసు పెడితే ముక్క చెదిరిపోయింది, మరీ మెత్తటి చేప. తర్వాత ఉప్పు, కారం, కాస్త బియ్యప్పిండి పట్టించి వేయించింది మా ఆవిడ. అది బాగుంది. అయినా మన కాలువ జెల్లల పులుసు ముందు నిలవదు, ఈ మాట ఇక్కడివాళ్ళకి చెప్పకండి.

సంక్రాంతికి వస్తున్నాం. ఇక్కడ కొన్న ప్లాస్టిక్ బెండ్లు పాపకి నచ్చలేదు. తాతయ్య జీలుగ బెండుతో చెక్కుతాడని చెప్పాను, అప్పటి నుంచి రోజూ అడుగుతోంది. రెండు చెక్కి పెట్టండి, ఒకటి దానికి, ఒకటి నాకు. జనవరిలో మన మేజర్‌కి నీళ్ళుంటాయో లేదో కూడా కనుక్కుని అత్తయ్య చేత మెసేజ్ పెట్టించండి.

మీ మేనల్లుడు