జాన్ కార్పెంటర్ సినిమాల్లో ముందు ఏది చూడాలి?

ఫ్రెండ్స్, అమెరికన్ దర్శకుడు జాన్ కార్పెంటర్ తీసిన హారర్ సినిమాల్లో ఏది ముందు చూడాలని అడిగారు కదా, తీరిగ్గా రాస్తున్నా.

నన్నడిగితే ‘ది థింగ్’ (1982). అంటార్కిటికా మంచులో ఒక పరిశోధనా కేంద్రం, అందులో 12 మంది మగాళ్లు, ఎవరి రూపమైనా ఎత్తగల ఒక జీవి. ఆ జీవి కంటే పక్కవాడు అసలు మనిషేనా అన్న అనుమానమే ఎక్కువ భయపెడుతుంది. రక్త పరీక్ష సీన్ ఎన్నిసార్లు చూసినా నాకు టెన్షన్ తగ్గదు. రాబ్ బాటిన్ తయారుచేసిన ఆ వికృత రూపాలు కంప్యూటర్ బొమ్మలు కావు, సెట్‌లో నిజంగా కదిలినవే. విచిత్రమేంటంటే, విడుదలైనప్పుడు విమర్శకులు దీన్ని తిట్టిపోశారు. రెండు వారాల ముందే వచ్చిన ‘ఈ.టీ.’లో మంచి గ్రహాంతరవాసిని చూసి మురిసిపోతున్న జనానికి ఇది మింగుడుపడలేదు.

తర్వాత ‘హాలోవీన్’ (1978). సుమారు 3 లక్షల డాలర్లతో తీసేశారు. హంతకుడి మాస్క్ ‘స్టార్ ట్రెక్’ టీవీ సీరియల్ హీరో కెప్టెన్ కిర్క్‌దే, తెల్లరంగు పూశారంతే! సంగీతం కూడా కార్పెంటరే. తెర మీద రక్తం చాలా తక్కువ, భయమంతా ఎదురుచూపులోనే.

‘ది ఫాగ్’ (1980) కథ పలచన, వాతావరణం మాత్రం చిక్కన. ‘క్రిస్టీన్’ (1983) సరదాగా పోతుంది. ‘ఇన్ ద మౌత్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ చివరికి ఉంచుకోండి, బుర్ర తిరుగుతుంది.

అన్నట్టు, 2011లో అదే ‘ది థింగ్’ పేరుతో ఇంకోటి వచ్చింది, అది వేరే దర్శకుడిది. ప్లే నొక్కే ముందు సంవత్సరం చూసుకోండి.