మీ సార్ దాటేసిన పాఠం

చిన్నోడా,

ప్రత్యుత్పత్తి పాఠం వచ్చేసరికి మీ బయాలజీ సార్ "ఇది మీరే చదువుకోండి, బొమ్మ మాత్రం ఇంపార్టెంట్" అని పేజీలు తిప్పేశారని ఫోన్‌లో తెగ నవ్వావు. భాగాల పేర్లు రాస్తే మార్కులొస్తాయి సరే, నీ వయసులో వచ్చే సందేహాలు అక్కడ తీరవు.

సార్‌ని ఒక్కరినే అని లాభం లేదులే. నీ వయసు పిల్లలకు ఈ విషయాలు బడిలో చెప్పాలని కేంద్రం తెచ్చిన కౌమార విద్య కార్యక్రమాన్ని 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ లాంటి రాష్ట్రాలు మాకొద్దన్నాయి, 2009లో మన వెంకయ్యనాయుడు గారి అధ్యక్షతన రాజ్యసభ కమిటీ కూడా బడిలో లైంగిక విద్య వద్దనే రాసింది. చెబితే పిల్లలు చెడిపోతారని భయం. ఐక్యరాజ్యసమితి విద్యా సంస్థ యునెస్కో బోలెడన్ని దేశాల అధ్యయనాలు చూసి 2018లో చెప్పింది వేరు, సరిగ్గా నేర్పితే పిల్లలు తొందరపడరు, కొన్నిచోట్ల ఇంకా ఆగుతారు కూడా అని. 2024లో మన సుప్రీంకోర్టు కూడా చెడిపోతారన్నది అపోహే అంది. అయినా బడిలో చెప్పకపోతే ఊరుకుంటారా, హాస్టల్లో ఎవడో ఒకడు దుప్పటి కింద ఫోన్ పెట్టుకుని మాస్టారవుతాడు!

ఆ ఫోన్‌లో చూపించే బూతు వీడియోల్లో ఉన్నది డబ్బులిచ్చి చేయించిన నటన, దాన్ని చూసి నీ ఒంటిని పోల్చుకుని దిగులు పడకు. నిద్రలో బట్టలు తడిస్తే అది జబ్బు కాదు. రైలు కట్ట పక్క గోడల మీద "నరాల బలహీనత" అని పెద్ద పెద్ద అక్షరాలు, కింద ఫలానా లాడ్జిలో ఫలానా తారీఖున డాక్టరు గారు ఉంటారని... వాళ్ల సంపాదనంతా ఈ భయం మీదే.

ఇష్టపడటం తప్పు కాదు, కానీ ఒక అమ్మాయి నీ నంబర్ బ్లాక్ చేసిందంటే వద్దన్నట్టే, ఫ్రెండ్ ఫోన్ నుంచి మళ్లీ మెసేజ్ పెట్టకూడదు. 18 నిండని పిల్ల శారీరక సంబంధానికి సరే అన్నా, పిల్లల మీద లైంగిక నేరాలను ఆపే పోక్సో చట్టం దృష్టిలో అది సరే కాదు, ఎవరిదైనా బట్టల్లేని ఫొటో గ్రూపులోకి వస్తే ఫార్వర్డ్ చేయడం కూడా నేరమే. నీ మీద చెయ్యి వేసింది ఎంత పెద్దమనిషైనా, మన చుట్టమే అయినా, నాకు చెప్పు. నాకు చెప్పలేకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి.

ఆదివారం ఔటింగ్‌కి వస్తాం, ఆ పాఠం చదివి ఉంచు, అర్థం కానివి అడుగు. నాన్న పక్కన కూర్చుని ఊరికే దగ్గుతారు, పట్టించుకోకు.

అమ్మ