సన్‌సెట్ స్లాట్ మారుతోంది: మొదటిసారి జెట్ స్కీ ఎక్కేవాళ్లు ఇది చదివి రండి

మా కస్టమర్లందరికీ నమస్కారం.

ఈ సీజన్ నుంచి దుబాయ్‌లో మా జెట్ స్కీ (నీళ్ల మీద నడిపే స్కూటర్ లాంటి బండి) సన్‌సెట్ టూర్ ఇదివరకటి కంటే గంట ముందే మొదలవుతుంది. ధర 50 దిర్హాములు పెరుగుతోంది. కొత్తవాళ్లు ఉన్న గుంపులో ఒక్కో గైడు వెంట ఇకమీదట రెండు జెట్ స్కీలే వెళ్తాయి. ఈ మూడింటిలో మొదటి రెండూ మీకు నచ్చవని తెలుసు. అందుకే కారణాలు దాచకుండా చెబుతున్నాను. మార్పులన్నీ ఎక్కువగా కొత్తవాళ్ల కోసమే చేశాం కాబట్టి, ఇంతకుముందు ఎప్పుడూ హ్యాండిల్ పట్టుకోనివాళ్లు దయచేసి చివరిదాకా చదవండి.

మా దగ్గరికి తరచూ వచ్చే ఫిర్యాదు ఒకటుంది. "సన్‌సెట్ టూర్ అన్నారు, సూర్యుడు ఇంకా పైన ఉండగానే ఒడ్డుకు తెచ్చేశారేంటి అన్నా?" న్యాయమైన ప్రశ్నే. దుబాయ్‌లో జెట్ స్కీలకు సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే అనుమతి. పొద్దు గూకాక నీళ్ల మీద కనిపిస్తే జరిమానా కట్టాల్సిందే. అంటే సూర్యుడు నీళ్లను తాకేసరికి మనం తిరిగి ఉమ్ సుఖైమ్ హార్బర్‌లో ఉండాలి. బండి మీద కూర్చుని పొద్దు పూర్తిగా మునిగేదాకా చూడటం చట్టప్రకారం ఏ ఆపరేటర్ దగ్గరా కుదరదు. కుదురుతుందని ఎవరైనా చెబితే వాళ్ల దగ్గర కొనకండి, అంతే.

మరి దీన్ని సన్‌సెట్ టూర్ అని ఎందుకు అమ్ముతున్నారంటారా? ఆ వెలుతురు కోసం. పొద్దు వాలడానికి ముందు అరగంట, ముప్పావుగంట దుబాయ్ తీరం వేరేలా ఉంటుంది. ఇక్కడ సముద్రం ఊరికి వాయవ్యంగా ఉంది. కాబట్టి నీళ్ల మీద నుంచి ఒడ్డున ఉన్న బుర్జ్ అల్ అరబ్ హోటల్ వైపు చూస్తే ఎండ మన వెనక నుంచి వెళ్లి నేరుగా దాని మీద పడుతుంది. 321 మీటర్ల ఆ తెల్లటి కట్టడం మొత్తం బంగారు రంగుకు తిరుగుతుంది. మీరు ఫొటోల్లో చూసి ముచ్చటపడేది ఆ వెలుతురునే. సూర్యుడు, బుర్జ్ రెండూ ఒకే ఫొటోలో కావాలంటే మాత్రం అది బీచ్ నుంచి తీయాల్సిన ఫొటో. అందుకే కొత్త సమయం ప్రకారం టూర్ ముగించి, లైఫ్ జాకెట్ విప్పి, నడుచుకుంటూ బీచ్‌కు వెళ్లేంత వ్యవధి ఉంచాం. సూర్యాస్తమయం అక్కడ నిలబడి నింపాదిగా చూసుకోవచ్చు. డబ్బులు కూడా అక్కర్లేదు!

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. సూర్యుడు ఏడాది పొడుగునా ఒకేచోట దిగడు. దసరా సెలవులకు వచ్చేవాళ్లకు అక్టోబర్ మధ్యలో, మేం ఆగే చోటి నుంచి చూస్తే ఇంచుమించు అట్లాంటిస్ హోటల్ వైపు దిగుతాడు. ఫిబ్రవరి చివర్లోనూ అంతే. సంక్రాంతికి వచ్చేవాళ్లకు ఇంకాస్త దక్షిణానికి జరిగి, తాటిచెట్టు ఆకారంలో కట్టిన పామ్ జుమేరా దీవి భవనాల వెనక్కి వెళ్తాడు. నీళ్లలోకి దిగే సూర్యుడే కావాలంటే ఏప్రిల్ నుంచి ఆగస్టు మధ్యలో రావాలి. అప్పుడు ఎండల సంగతి మీకు తెలిసిందే. వేళలు కూడా మారుతుంటాయి. డిసెంబర్ మొదట్లో సాయంత్రం 5:30కే పొద్దు గూకుతుంది, జూన్ చివర్లో 7:10 దాటుతుంది. హైదరాబాద్ నుంచి మధ్యాహ్నం దిగే విమానం ఎక్కి, అదే రోజు సాయంత్రానికి స్లాట్ బుక్ చేసుకునేవాళ్లు చలికాలంలో ఈ లెక్క చూసుకోండి. దయచేసి ఆ రిస్క్ వద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నా వ్యాపారానికి ఇది నష్టమే అయినా చెబుతున్నాను. జెట్ స్కీ నేర్చుకోవడానికి రోజు మొత్తంలో అతి చెడ్డ సమయం సూర్యాస్తమయం ముందు గంట.

మధ్యాహ్నం మొదలైన సముద్రపు గాలి అప్పటికి కాస్త తగ్గినా, అది లేపిన చిన్నచిన్న అలలు ఇంకా ఉంటాయి. దానికి తోడు సన్‌సెట్ క్రూజ్ అంటూ మెరీనా నుంచి యాట్‌లన్నీ (పెద్ద విహార పడవలు) అదే సమయానికి బయటికి వస్తాయి. ఒక్కో యాట్ వెనక లేచే అలకు కొత్తవాళ్లు సీటు మీద నుంచి ఎగిరి పడతారు. పడమర వైపు తిరిగితే ఎండ నేరుగా కళ్లలో కొడుతుంది, ఎదురుగా వచ్చే పడవ నల్లటి మచ్చలా కనిపిస్తుంది. పైగా గడియారం. ఎక్కడైనా పది నిమిషాలు ఆలస్యమైతే గైడుకు టెన్షన్, గైడు తొందరపెడితే మీకు టెన్షన్. పొద్దున ఏడెనిమిది గంటలకు వస్తే ఇవేవీ ఉండవు, నీళ్లు చాలా రోజులు ప్రశాంతంగా ఉంటాయి. నన్నడిగితే మొదటిసారికి పొద్దున స్లాటే మంచిది, అది చవక కూడా. మా ఇంటికి చుట్టాలు వచ్చినా పొద్దున్నే తీసుకెళ్తాను.

అయినా సగంమందికి పైగా సాయంత్రమే కావాలంటారు. సెలవు మీద వచ్చినవాళ్లు పొద్దున్నే లేవరు, అది మనందరికీ ఉన్న జబ్బే. అందుకని సాయంత్రం స్లాట్‌నే రెండు భాగాలు చేశాం. మొదటి భాగంలో హార్బర్‌కు దగ్గర్లో, అలలు తక్కువగా ఉండేచోట నేర్పుతాం. గైడు ఒప్పుకున్నాకే రెండో భాగం, అంటే బుర్జ్ వైపు ప్రయాణం. నేర్చుకోవడానికి ఎక్కువసేపు పడితే రెండో భాగం కుదించుకుపోతుంది. దీనికి డబ్బు వాపసు ఉండదు. ఇప్పుడే చెబుతున్నాను, అక్కడ వాదించుకోవద్దు.

నేర్పేది ముఖ్యంగా ఒక్క విషయం. మనవాళ్లలో చాలామందికి స్కూటర్ నడపడం వచ్చు కాబట్టి, జెట్ స్కీ కూడా అలాంటిదే అనుకుంటారు. స్కూటర్ మీద భయం వేస్తే రేసు వదిలేసి హ్యాండిల్ తిప్పుతాం, బండి తిరుగుతుంది. జెట్ స్కీ తిరగదు. దీనికి చక్రాలు లేవు, పడవకున్నట్టు చుక్కానీ లేదు. కింద నుంచి నీళ్లు లాక్కుని వెనక గొట్టంలోంచి బలంగా చిమ్ముతుంది, హ్యాండిల్ తిప్పితే ఆ గొట్టం పక్కకు తిరుగుతుంది. చిమ్మే నీరే దాన్ని తిప్పుతుంది. వేలు రేసు మీట మీద నుంచి తీసేస్తే చిమ్మడం ఆగుతుంది, హ్యాండిల్ ఎంత తిప్పినా బండి పోయినవైపే పోతుంది. అంటే ఎదురుగా ఏదైనా కనిపించి మీరు భయంతో రేసు వదిలేసిన ఆ క్షణంలోనే, తప్పించుకునే దారి కూడా మీ చేతిలోంచి పోతుంది. కొంచెం రేసు ఉంచి తిప్పాలి. వినడానికి తేలికే. ఒంటికి అలవాటు కావడానికి మాత్రం కాసేపు పడుతుంది, అందుకే నేర్పే సమయంలో సగం దీనికే పోతుంది.

"మరి బ్రేకు ఉండదా?" అని అడుగుతారు. జెట్ స్కీలు చేసే సీ-డూ వాళ్లు 2009లో బ్రేకు ఉన్న మోడల్ తెచ్చారు, తర్వాత యమహా వాళ్లూ తెచ్చారు. మా దగ్గర ఉన్నవాటిలో కొన్నింటికి ఉంది, కొన్నింటికి లేదు. ఏ బండి వచ్చినా ఇబ్బంది పడకూడదని బ్రేకు లేదనుకునే నేర్పుతాం. కొత్తవాళ్ల బండికి వేగం మించకుండా లాక్ కూడా వేస్తాం. ఆ లాక్ తీయమని గైడును బతిమాలకండి. ఇన్‌స్టాలో చూసిన వేగం ఇందులో ఉండదు.

గైడు వెంట రెండే బళ్లు అన్నది కూడా ఇందుకే. ఒకే గుంపులోని బళ్లు ఒకదాన్నొకటి గుద్దుకోవడమే ఈ ఆటలో పెద్ద భయం. వెనకున్నవాళ్లు ముందున్నవాళ్లను వీడియో తీస్తూ దగ్గరికి వచ్చేస్తారు, ముందున్నవాళ్లు ఉన్నట్టుండి ఆగుతారు, వెనకున్నవాళ్లు రేసు వదిలేస్తారు. ఆ తర్వాత ఏమవుతుందో పైన చెప్పాను. రెండు బళ్లయితే గైడు రెండింటినీ చూసుకోగలడు. ఇంతకుముందు కంటే ఒక్కో స్లాట్‌లో తక్కువమందిని తీసుకెళ్తున్నాం, ధర పెరగడానికి ముఖ్య కారణం అదే. ఇక్కడ పెట్రోలు ధర నెలనెలా మారుతుంది. ఈ 50 దిర్హాములను దాని మీదికి నెట్టేయడం తేలికే గానీ, నిజం అది కాదు.

ఈత రానివాళ్లు రావచ్చా? రావచ్చు. కానీ ఒడ్డు దగ్గరే, లైఫ్ జాకెట్‌తో ఒకసారి నీళ్లలోకి దూకి తేలి చూడాలి. ఆ ఒక్కటీ చేయనన్నవాళ్లను వెనక సీట్లో కూడా కూర్చోబెట్టం. నడిసముద్రంలో మొదటిసారి నీళ్లలో పడితే లైఫ్ జాకెట్ ఉన్నా గాభరా పడతారు, పక్కవాళ్ల మెడ పట్టుకుంటారు. ముందే ఒకసారి తేలినవాళ్లు నవ్వుకుంటూ పైకి ఎక్కుతారు. నడిపేవాళ్లు పడితే ఇంజన్ దానంతటదే ఆగుతుంది, వాళ్ల మణికట్టుకు కట్టే తాడు పని అదే. బండి ఎక్కడికీ పోదు. వెనక వైపు నుంచే ఎక్కాలి, పక్క నుంచి ఎక్కితే బోల్తా కొడుతుంది. వెనక నుంచి ఎవరైనా ఎక్కుతుంటే ముందు కూర్చున్నవాళ్లు ఇంజన్ వేయకూడదు. వెనక గొట్టంలోంచి చిమ్మే నీళ్ల ఒత్తిడికి లోపలి గాయాలవుతాయి. తయారీ కంపెనీలే ఈ హెచ్చరిక రాస్తాయి, వెట్‌సూట్ (నీళ్లలో వేసుకునే మందపాటి రబ్బరు బట్ట) లాగు వేసుకోమని చెప్పేదీ అందుకే. మా దగ్గర ఉంటాయి, అద్దె లేదు.

బట్టల గురించి ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. చున్నీ వద్దు. వదులు బట్టలు, విరబోసిన జుట్టు వద్దు. నీళ్లు లాక్కునే చోట అవి చిక్కుకుంటే చాలా ప్రమాదం. జడ వేసుకుని లోపలికి దోపుకోండి. అమ్మగారు, అత్తగారు చీరలోనే కూర్చుంటామంటే ఒడ్డున కుర్చీ వేసి చాయ్ ఇప్పిస్తాను, బండి మాత్రం ఎక్కించను. గొలుసులు, నల్లపూసలు హోటల్లో పెట్టి రండి. ఫోన్ పౌచ్‌లో ఉన్నా సరే, పౌచ్ మెడలో ఉన్నా సరే, సముద్రానికి దక్షిణ సమర్పించినవాళ్లు చాలామంది ఉన్నారు. ఫొటోలు గైడు తీస్తాడు, అవి టికెట్ ధరలోనే.

సీటు ముగ్గురిదే అయినా ఇద్దరినే పంపుతాం. నీళ్ల మధ్యలో భార్యాభర్తలు సీట్లు మార్చుకోవడం సాయంత్రం స్లాట్‌లో ఇక కుదరదు, ఎవరు నడుపుతారో ఒడ్డునే తేల్చుకోండి. 16 ఏళ్ల లోపు పిల్లలకు హ్యాండిల్ ఇవ్వం. నడుం నొప్పి, మెడ నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు వద్దు. మందు తాగి వస్తే డబ్బు వాపసు లేకుండా పంపేస్తాం.

చలికాలంలో వాయవ్యం నుంచి షమాల్ గాలి వీస్తే ఒక్కోసారి రెండు మూడు రోజులు సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. ఆకాశం మాత్రం నీలంగా, ఎండ చక్కగా ఉంటుంది. హోటల్ బాల్కనీ నుంచి చూసి "ఇంత మంచి వాతావరణంలో ఎందుకు క్యాన్సిల్ చేశారు?" అని ఫోన్ చేస్తారు. గాలి వల్ల మేం రద్దు చేస్తే మొత్తం డబ్బు వెనక్కి, లేదా మరో రోజు. నిర్ణయం అదే రోజు మధ్యాహ్నం చెబుతాం, ముందు రోజే తేల్చమంటే కుదరదు. దుబాయ్‌లో ఒకే ఒక్క సాయంత్రం ఉన్నవాళ్లు ఇది ఆలోచించి బుక్ చేసుకోండి.

రంజాన్ నెలలో చివరి స్లాట్ ఇంకో అరగంట ముందే మొదలవుతుంది. మా గైడుల్లో ఉపవాసం ఉండేవాళ్లు ఉన్నారు, పొద్దు గూకేసరికి వాళ్లు ఇఫ్తార్ దగ్గర కూర్చోవాలి. దానికోసం ధర తగ్గించమని అడగొద్దు.

ఇప్పటికే పాత ధరకు బుక్ చేసుకున్నవాళ్లకు పాత ధరే వర్తిస్తుంది, అదనంగా ఏమీ కట్టక్కర్లేదు. సమయం మాత్రం కొత్తదే. మీ వాట్సాప్‌కు కొత్త వేళ పంపిస్తాం, అది కుదరనివాళ్లు అక్కడే "వద్దు" అని రాస్తే చాలు, మొత్తం డబ్బు వెనక్కి వేస్తాం. పొద్దున స్లాట్‌కు మారతామంటే తేడా డబ్బు కూడా వాపసు. మారేవాళ్లు పాస్‌పోర్టు గానీ, ఇక్కడ ఉండేవాళ్లయితే ఎమిరేట్స్ ఐడీ గానీ మర్చిపోకుండా తెచ్చుకోండి, లేకపోతే పొద్దున ఏడింటికి దానికోసం మళ్లీ హోటల్‌కు పరిగెత్తాల్సి వస్తుంది.