మా పాప నో షో కాదండీ మంత్రిగారూ

కేంద్ర విమానయాన శాఖ మంత్రి రామ్మోహన్ నాయుడు గారికి, గాజువాక నుంచి నమస్కారం.

మీరు శ్రీకాకుళం ఎంపీ, మీ జిల్లా వాళ్ళు కూడా ఇన్నేళ్ళూ ఫ్లైట్ ఎక్కాలంటే మా వైజాగే వచ్చారు, అందుకే ఇక్కడి సంగతి మీకు ఎక్కువ విడమర్చక్కర్లేదు అనుకుంటా.

మా పాపకి హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో అమెరికా వీసా ఇంటర్వ్యూ, పొద్దున్న పదిన్నరకి. ముందురోజు సాయంత్రం ఏడింటి ఫ్లైట్‌కి నెల ముందే టికెట్ తీశాం. వెబ్ చెకిన్‌లో సీటు చూపించలేదు, ఎయిర్‌పోర్ట్‌లో ఇస్తారులే అనుకుని, ఎన్ఏడీ దగ్గర ట్రాఫిక్‌కి భయపడి నాలుగున్నరకే దింపేశా. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసింది, వాళ్ళ సార్‌ని పిలిచింది, ఇద్దరూ ఏదో గుసగుసలాడుకుని పాపని పక్కన కూర్చోమన్నారు. కూర్చోబెట్టి కూర్చోబెట్టి ఆరున్నరకి చెప్పారు, ఫ్లైట్ ఫుల్, రేపు మధ్యాహ్నం పంపిస్తాం అని. ఇంటర్వ్యూ పొద్దున్నైతే మధ్యాహ్నం వెళ్ళి ఏం చేసుకుంటది? ఎవరైనా ఇష్టపడి ఆగుతారా అని ముందు అడగాలని రూల్ ఉంది కదా సార్, ఒక్కళ్ళని అడిగిన పాపాన పోలేదు.

మా బావమరిది కారు తీశాడు. ఆరొందల కిలోమీటర్ల పైనే, రాత్రంతా, సూర్యాపేట దాటాక వాడి కళ్ళు మూతలు పడుతుంటే పాపే ఏదోటి మాట్లాడుతూ కూర్చుందట. పది నిమిషాల ముందు చేరారు, అప్పన్న దయ.

ఓవర్‌బుకింగ్ ఎందుకు చేస్తారో నాకూ తెలుసు. ప్రతిసారీ కొంతమంది రారు, సీటు ఖాళీగా ఎగిరితే నష్టం, అందుకని నాలుగు ఎక్కువ అమ్ముతారు. రైల్వే కూడా అమ్ముద్ది, కాకపోతే వెయిటింగ్ అని టికెట్ మీదే రాసి అమ్ముద్ది, ఆర్ఏసీ వస్తే సైడ్ లోయర్‌లో ఇద్దరం ఇరుక్కుని అయినా ఊరు చేరతాం.

విమానాల మీద నిఘా పెట్టే మీ డీజీసీఏ రూల్ మంచిదే, చదివా. గంటలోపు బయల్దేరే వేరే ఫ్లైట్ ఇస్తే ఏం ఇవ్వక్కర్లేదు, 24 గంటల్లోపుదైతే బేసిక్ ఫేర్, ఫ్యూయల్ ఛార్జ్ కలిపి దానికి రెండింతలు, 10,000 దాటకుండా. 24 గంటలు దాటితే నాలుగింతలు, 20,000 దాటకుండా. వేరే ఫ్లైట్ వద్దంటే టికెట్ డబ్బులు మొత్తం వెనక్కిచ్చి, పైన ఆ నాలుగింతలూ ఇవ్వాలి. మాది ఈ చివరిదే. కానీ రిఫండ్ అడిగితే ఎయిర్‌లైన్ వాళ్ళు పంపిన మెయిల్‌లో ఏముందో తెలుసా, ప్యాసింజర్ నో షో అంట! రెండు గంటలు వాళ్ళ ఎదురుగానే కూర్చున్న పిల్ల రాలేదంట.

పాప మొహం చూసి లోపలికి వదిలే డిజియాత్ర గేట్‌లోంచే వెళ్ళింది, ఆ టైమ్ చూడండి అందామనుకున్నా, తీరా చూస్తే ఆ డేటా ఫ్లైట్ వెళ్ళిన 24 గంటల్లో తీసేస్తారట. ప్రైవసీకి అది మంచిదే, కాదనను, కానీ మా దగ్గర ఇంకేం మిగిలింది?

ప్రతి నెలా డీజీసీఏ రిపోర్ట్‌లో బోర్డింగ్ ఇవ్వకుండా ఆపేసిన వాళ్ళు ఇంతమంది, వాళ్ళకి ఇచ్చింది ఇంత అని లెక్క వస్తుంది. అందులో మా పాప ఉండదు. ఎయిర్‌లైన్ ఇచ్చిన లెక్కే కదా అది, నో షో అని నొక్కేస్తే లెక్కలోంచి కూడా పోతారు.

అందుకే నేనడిగేది కొత్త చట్టం కాదు, ఒక చీటీ. సీటు లేదన్నప్పుడు అక్కడికక్కడే పేరు, కౌంటర్‌కి వచ్చిన టైమ్, ఓవర్‌బుకింగ్ వల్ల ఆపాం అన్న ముక్క రాసి స్టాంప్ వేసి చేతికివ్వాలి. యూరప్‌లో ఇలా ఆపేస్తే మీకు ఇవీ హక్కులు అని కాగితం మీద ఇవ్వాల్సిందేనట, మనవాళ్ళు బ్యాగ్‌కి ట్యాగ్ కట్టే మిషన్‌లోంచే ఇంకో ముక్క తీసివ్వలేరా.

మా అకౌంట్లో పడింది 612 రూపాయలు, ఎయిర్‌పోర్ట్ ట్యాక్సులంట. కారు డీజిల్ బిల్లు మా బావమరిది ఇంకా చెప్పట్లేదు, అడిగితే కోప్పడుతున్నాడు.

ఇట్లు,
గాజువాక నుంచి ఒక తండ్రి