రాలిన ఆకులను చెట్ల కిందే ఉండనివ్వండి

సంపాదకుడు గారికి,

ఆకురాలు కాలం వచ్చిందంటే పార్కుల్లో, ఇళ్ల ముందు ఆకులు ఊడ్చి కుప్ప పోసి నిప్పు పెట్టేస్తున్నారు. ఆ పొగలోని సన్నటి నుసి ఊపిరితిత్తుల లోపలిదాకా పోతుంది. ఆస్తమా ఉన్నవాళ్ల అవస్థ చెప్పక్కర్లేదు. అటు చెట్ల కింద నేలేమో ఎండకు బీటలు వారుతుంది. దాన్ని బాగుచేయడానికి మళ్లీ నీళ్లకూ ఎరువులకూ డబ్బు పోస్తున్నాం!

ఆ ఆకులనే పాదుల్లో రెండు నుంచి నాలుగు అంగుళాల మందాన పరిస్తే మల్చింగ్, అంటే నేలను కప్పి ఉంచడం, అయిపోయినట్టే. కత్తిరించిన కొమ్మల ముక్కలైనా సరే. నేలలో తడి తొందరగా ఆరిపోదు. వెలుతురు అందక కలుపు గింజలు చాలావరకు మొలవవు. వాన చినుకులు నేరుగా తగలవు కాబట్టి పైమట్టి కోసుకుపోదు. చెట్టుకు నీటినీ పోషకాలనీ అందించే సన్నటి వేళ్లు ఎక్కువగా ఉండేది ఆ పైమట్టిలోనే. ఆకులు కుళ్లేకొద్దీ వానపాములు చేరి మట్టిని గుల్లగా మారుస్తాయి. ఏడాదికోసారి మళ్లీ కొంచెం పరిస్తే చాలు.

అయితే మల్చింగ్ చేసేచోట కూడా పద్ధతిగా చేయడం లేదు. చెక్క ముక్కలను చెట్టు మొదలుకు ఆనించి గుట్టలా పోస్తున్నారు. దీనివల్ల బెరడు ఎప్పుడూ తడిగా ఉండి కుళ్లుతుంది, పురుగు పడుతుంది. మొదలు చుట్టూ కొన్ని అంగుళాలు ఖాళీ వదలాలి. ఇంటి గోడలకూ ఆనకూడదు, చెదల భయం ఉంటుంది. పచ్చిగడ్డి మందంగా వేస్తే అట్టకట్టి, వేడెక్కి, గాలి ఆడదు కాబట్టి ఆరబెట్టి పలచగా వేయాలి. కలుపు మందు కొట్టిన గడ్డి, తెగులు పట్టిన ఆకులు మాత్రం అసలు వాడొద్దు. చెక్క ముక్కలు నేలలోని నత్రజనిని లాగేస్తాయని కొందరు భయపడతారు. వాటిని మట్టిలో కలిపి దున్నితేనే ఆ ఇబ్బంది, పైన పరిస్తే మొక్కలకు ఏమీ కాదు.

అందం కోసం ప్లాస్టిక్ షీట్ వేసి పైన గులకరాళ్లు పోయడం చూస్తే మరీ బాధేస్తుంది. ఆ షీట్ కింద వేళ్లకు గాలీ నీరూ సరిగా అందవు, మట్టికి ఒక్క ఆకూ చేరదు.

రోడ్ల మీద, కాలువల్లో పడ్డ ఆకులు ఊడ్చి తీరాల్సిందే. కానీ పార్కుల్లో రాలినవి అక్కడి పాదులకే వేయాలని, కొమ్మలను యంత్రంతో ముక్కలు చేసి వాడాలని, ఆకులకు నిప్పు పెడితే జరిమానా ఉంటుందని స్థానిక సంస్థలు నిర్వహణ కాంట్రాక్టులోనే రాయాలి. మిగిలిన ఆకులను అడిగిన ఇంటివాళ్లకు ఉచితంగా ఇవ్వాలి.

- ఒక పాఠకురాలు